నేను ఆగని అరగంట

ఆ ఏడాది వానాకాలం నాకు ఏడో నెల. టీకాల పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చునేదాన్ని. లోపలి ఐసు చల్లదనం ముందు అరచేతులకు తగిలేది, కాసేపటికి చీరలోంచి పొట్టకు. గుంతల్లో ఆటో ఊగి పెట్టె కాస్త గట్టిగా ఆనితే, లోపల బిడ్డ ఉలిక్కిపడి పక్కకు జరిగేది. ములకలపల్లి దాటి టేకు చెట్ల మధ్యకు మళ్లాక నాకు ఎప్పుడూ సగం నిద్రే. ఆకుల మీంచి రాలే నీటి చుక్కలు ఆటో టాపు మీద టపటపమంటుంటే, ఎక్కడికి పోతున్నానో, ఎవరి పిల్లల కోసం పోతున్నానో కాసేపు మరిచిపోయేదాన్ని. ఆ చల్లని పెట్టె, నా కడుపు, బయటి తడి అడవి, మూడూ ఒక్కటిగా ఊగుతున్నట్టు ఉండేది.

నేను ఉపకేంద్రంలో నర్సును. పుట్టింది వేంసూరు వైపు, పొలాల మధ్య. మాది క్రైస్తవ కుటుంబం. ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు దవాఖానా పని. అందులో బుధవారం, శనివారం టీకాల రోజులు. నాకు అప్పగించిన ఊళ్లలో అన్నిటికంటే లోపల ఉన్నది వాగు అవతలి కోయగూడెం. ముప్పై గడపలు కూడా ఉండవు. ఆటో వాగు దాకా వచ్చి ఆగిపోయేది. అక్కడ ఆశా కార్యకర్త నా కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఆమెది ఆ గూడెమే. నాతో తెలుగులో, తనవాళ్లతో కోయలో మాట్లాడేది. పెట్టె తన భుజానికి తగిలించుకుని, నీళ్లలో దిగేటప్పుడు వెనక్కి చెయ్యి చాపి నన్ను పట్టుకునేది.

టీకా వేశాక ప్రతి తల్లికీ నాలుగు మాటలు చెప్పాలని మాకు నేర్పారు. ఈ రోజు ఏ టీకా వేశామో, అది ఏ జబ్బు రాకుండా కాపాడుతుందో. దానివల్ల ఏం రావచ్చో, వస్తే ఏం చేయాలో. మళ్లీ ఎప్పుడు రావాలో. కార్డు జాగ్రత్తగా దాచి, వచ్చినప్పుడల్లా తేవాలని. చెప్పాక బిడ్డతో అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ఎప్పుడో చాలా అరుదుగా ఏ బిడ్డకైనా మందు పడక, ఒళ్లు దద్దుర్లు లేచి ఊపిరి కష్టమైతే, అది ఎక్కువగా ఆ కాసేపట్లోనే బయటపడుతుంది. అందుకు కావలసిన ఇంజెక్షను మా సంచిలో సిద్ధంగా ఉంటుంది. మేం పక్కన ఉంటేనే కదా అది పనికొచ్చేది.

ఇదంతా నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ బుధవారం అంగన్‌వాడీ గదిలో ఆఖరిగా మిగిలింది ఆరు వారాల పాప. తల్లికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో, తొలి కాన్పు. పాపను ఎత్తుకుని వచ్చింది మాత్రం అత్త. ఎముకల మనిషి, చెంపల మీద పాత పచ్చబొట్టు చుక్కలు. నోట్లో చుక్కల మందు వేస్తే పాప చప్పరించింది. కుడి చేతికి ఒక సూది, తొడలకు చెరొకటి. ఎడమ తొడ సూది పడగానే గది దద్దరిల్లేలా ఏడ్చి, నాయనమ్మ భుజం మీద పడగానే ఊరుకుంది. తడిసిన కళ్లతో నన్నే చూస్తోంది.

అప్పుడే ఆశా కార్యకర్త తలుపులోంచి లోపలికి వంగి చెప్పింది. "మేడం, పైన వాన గట్టిగ పడ్డట్టుంది. వాగు రంగు మారుతాంది. జల్దీ పోదాం."

పొద్దున దాటినప్పుడే నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. కార్డు మీద వచ్చే నెల తారీఖు రాసి తల్లి చేతిలో పెట్టాను. "ఈ తారీఖుకు తప్పక రావాలె చెల్లె" అన్నాను. సీసాలు పెట్టెలో సర్దాను, మూత బిగించాను. గడప దాటుతుంటే వెనక నుంచి ముసలామె అడిగింది.

"ఏమన్న అయితదా నర్సమ్మా, పోరికి?"

"ఏం కాదవ్వా" అన్నాను, తిరిగి చూడకుండానే.

ఎర్రబడుతున్న నీళ్లను ఆశా కార్యకర్త చెయ్యి పట్టుకుని దాటాను. ఆటో ఎక్కాక పొట్ట మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకున్నాను. ఇల్లు చేరేదాకా ఆ పాప నాకు గుర్తే రాలేదు.

శనివారం ఆశా కార్యకర్త ఉపకేంద్రానికి వచ్చి చెప్పింది. బుధవారం పొద్దుగూకేసరికే పాప ఒళ్లు కాలిపోయిందట. ఎడమ తొడ వాచి గట్టిపడింది. ముట్టుకుంటే చాలు గుక్కపట్టి ఏడ్చింది. వాపు కరగాలని నాయనమ్మ నూనె రాసి వేడి గుడ్డతో కాపడం పెట్టింది. అది ఇంకా ఎర్రబడింది. ఏం పొడిచిందో నర్సమ్మ అనుకున్నారు. తెల్లారగానే తండ్రి పాపను గుడ్డలో చుట్టి రెండు చేతులతో నెత్తి మీద ఎత్తిపట్టుకుని వాగులో దిగాడు. నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. వెనక అతని చొక్కా పట్టుకుని ముసలామె కూడా దిగింది. దవాఖానాలో డాక్టరు చూసి, సిరప్ పోయించి, ఈ టీకాకు ఒకరోజు జ్వరం మామూలే, భయం లేదు అన్నాడు. మధ్యాహ్నానికి జ్వరం తగ్గింది. రెండు రోజుల్లో పాప మామూలైంది.

పాపకు ఏమీ కాలేదు. జ్వరం ప్రమాదం కాదు, వాగు ప్రమాదం. ఆ ఉదయం వాగులో ఏదైనా జరిగి ఉంటే అది ఏ లెక్కలోనూ టీకా వల్ల జరిగినట్టు రాదు. నాకు మాత్రం తెలిసేది.

తర్వాతి నెల తారీఖుకు వాళ్లు రాలేదు. నేనే ఇంటికి వెళ్లాను. తండ్రి వాకిట్లో గొడ్డలికి కర్ర బిగిస్తున్నాడు. లేచి నిలబడ్డాడు గానీ కూర్చోమనలేదు.

"ఏం కాదన్నరు గదా ఆ రోజు. మళ్ల ఏం చెప్పనీకి వచ్చిండ్రు?"

టీకాకు జ్వరం రావడం సహజమని ఏదో మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ మాటలు తప్పించుకునేవాళ్ల మాటల్లా వినబడ్డాయి, నాకే. కోడలు పాపను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ముసలామె నా పొట్ట వైపు చూసి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చేశాను. ఆ నెలాఖరుకు నాకు సెలవు మొదలైంది.

పుట్టింటికి వెళ్లాను. బాబు పుట్టాడు. పుట్టిన రోజే ఎడమ భుజానికి క్షయ టీకా వేశారు, చుక్కలు వేశారు, తొడకు ఇంకో సూది వేశారు. నేను మత్తులో ఉన్నాను. వాడి ఏడుపు ఎక్కడో చెరువు అవతలి నుంచి వస్తున్నట్టు వినబడింది.

ఆరు వారాలకు మా ఊరి టీకాల రోజున నేనే ఎత్తుకుని వెళ్లాను. అక్కడి నర్సు నాకంటే చిన్నది. సూదులు వేసి, నాకు ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. ఈ టీకాకు సాయంత్రం జ్వరం రావచ్చక్కా, ఎడమ తొడ కాస్త వాయొచ్చు, కాపడం పెట్టొద్దు, ఏమీ రుద్దొద్దు, చల్లటి తడిగుడ్డ వెయ్యి, సిరప్ ఇంత పొయ్యి అని సీసా మూత మీద గోరుతో గీత చూపించింది. రెండు రోజులకు తగ్గకపోయినా, పాలు తాగకపోయినా, బిడ్డ వడలిపోయినా ఆగకుండా దవాఖానాకు తీసుకురా అంది.

"నేనూ ఈ పనేలేమ్మా" అన్నాను నవ్వుతూ.

"తెలుసక్కా. నువ్వు నర్సువైనా నేను చెప్పాలిగా" అంది.

ఆ అరగంట నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. బడి అరుగు మీద ఐదారుగురు తల్లులం వరుసగా కూర్చున్నాం. చలికాలపు ఎండ. ఒక్కొక్క బిడ్డా ఏడ్చి ఏడ్చి, రొమ్ము అందుకుని, మెల్లగా నిద్రలోకి జారిపోతోంది. పక్క పొలంలో నీళ్లు పారుతున్న చప్పుడు. నేను బాబు ఛాతీ లేచి పడడం చూస్తూ కూర్చున్నాను. పిల్లల రెప్పలతో పాటు మా రెప్పలూ వాలిపోతున్నాయి. ఇన్నేళ్లూ నేను ఎంతమంది తల్లులను ఇట్లా కూర్చోబెట్టాను, ఒక్కసారైనా వాళ్ల పక్కన కూర్చున్నానా అనిపించింది. ఎప్పుడూ నిలబడి రిజిస్టరు రాసుకుంటూ ఉండేదాన్ని.

సాయంత్రం జ్వరం వచ్చింది. చెప్పినట్టే, చెప్పిన వేళకే. సిరప్ కొలిచి పోశాను. థర్మామీటరు పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. వాడి తల నా మెడ కింద నిప్పులా ఉంది. అది మామూలేనని తెలుసు, ఎందుకు వస్తుందో తెలుసు, రేపటికి తగ్గుతుందని తెలుసు. అయినా కాళ్లు ఒకచోట నిలవలేదు.

"నర్సువి గదే నువ్వు! నువ్వే ఇట్టా అయిపోతే ఎట్టాగే తల్లీ?" అంది మా అమ్మ.

వాణ్ని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే కళ్లు మూతలు పడేవి. మూసిన కళ్ల వెనక ఎర్రటి నీళ్లు, ఆ నీళ్ల మీద పైకెత్తిన రెండు చేతులు. అన్నీ తెలిసి నేను ఇట్లా ఉంటే, ఏమీ తెలియకుండా, పైగా ఏం కాదని విని, వాళ్లు ఆ సాయంత్రం ఎట్లా గడిపి ఉంటారు? పొద్దునకు బాబు నుదురు చల్లబడింది. నన్ను చూసి మొదటిసారి నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది.

సెలవు అయిపోయి మళ్లీ డ్యూటీలో చేరేసరికి ఎండలు ముదిరాయి. వాగు సన్నటి తీగలా పారుతోంది. టీకాల రోజు కాకుండా ఒక సోమవారం, పెట్టె లేకుండా ఒక్కదాన్నే గూడెం వెళ్లాను. అడవంతా ఇప్పపూల వాసన. తీయగా, బరువుగా, తల తిరిగేలా ఉంటుంది ఆ వాసన. ముసలామె వాకిట్లో చాప పరిచి, తెల్లారుజామున ఏరుకొచ్చిన పూలు ఎండబోస్తోంది. నేను చాప పక్కనే కూర్చుని, పూలలో కలిసిన ఆకులూ పుల్లలూ ఏరడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు.

పూలు పరుస్తూనే అడిగింది. "ఏం పుట్టిండు నీకు?"

"బాబు అవ్వా."

"మంచిగున్నడా?"

"ఉన్నడు. సూదులేస్తే వానికీ జరమొచ్చింది. నాకు మస్తు భయమైంది."

ఆమె చేతులు ఆగాయి. "నీకేంది భయం? నర్సువి గదా."

"నర్సునే అవ్వా. అయినా అయింది." తల దించుకుని పూలే చూస్తూ చెప్పాను. "ఆ రోజు నువ్వు అడిగినవ్, ఏమన్న అయితదా అని. జరమొస్తదని నాకు తెలుసు. వాగు పెరుగుతాందని నా భయం నాకుండె, చెప్పకుండ ఉరికిన. తప్పు నాది. చెప్పి ఉంటే మీరు ఆ నీళ్లల్ల దిగేటోళ్లు కాదు."

ఆమె గుప్పెడు పూలు తీసుకుని నెమ్మదిగా చాప అంచున పరిచింది. తర్వాత చెప్పింది, నాతో కాదు, పూలతో చెబుతున్నట్టు.

ఇప్పుడున్న కొడుకు కంటే ముందు ఆమెకు ఇద్దరు పిల్లలు. ఒక ఎండాకాలం గూడెంలో తట్టు పోసింది. పెద్దదానికి ముందు జ్వరం, తర్వాత ఒళ్లంతా ఎర్రటి పొక్కులు, దగ్గు. దాని పక్కన పడుకున్న చిన్నవాడికీ అంటింది. తెలిసిన ఆకులన్నీ నూరి పోశారు, మొక్కని దేవత లేదు. వారం తిరగకముందే ఇద్దరూ పోయారు.

"అప్పుడు గీ సూదులు గిట్ల ఏంలేకుండె. ఉంటే ఏపిస్తుంటినేమో" అంది. "ఆ పొద్దు మనవరాలి ఒళ్లు పట్టుకుంటే గట్లనే కాలింది నర్సమ్మా. గదే వేడి. నా చెయ్యికి ఎరుకైంది. మళ్ల వచ్చిందనుకున్న, నా ఇంటికి."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇప్పపూల జిగురుతో అంటుకుంటోంది. తట్టు ఎంత చెడ్డదో ఆ గూడెంలో నేను ఎవరికీ చెప్పే అవసరం లేదని ఆ రోజు అర్థమైంది. అందరికంటే బాగా తెలిసిన మనిషే అందరికంటే ఎక్కువ భయపడింది.

"గట్ల జరమొస్తదని ముందుగాల ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా, బిడ్డా" అంది చివరికి. ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు.

"ఇప్పుడు చెప్తా అవ్వా. ఏం కానే కాదని చెప్పను. ఏమైతదో చెప్తా, అయితే ఏం చెయ్యాల్నో చెప్తా."

అన్నీ చెప్పాను. తొమ్మిది నెలలు నిండాయి కాబట్టి పాపకు తట్టు టీకా కూడా వేయొచ్చని, దానికి వారం పది రోజుల తర్వాత ఒళ్లు కాస్త వెచ్చబడి సన్నటి పొక్కులు లేవొచ్చని, అవి అసలు తట్టు కావని, వాటంతట అవే పోతాయని. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. ఎప్పుడో ఒక బిడ్డకు పడకపోవడం ఉంటుందని, అందుకే అరగంట కూర్చోబెడతామని కూడా దాచకుండా చెప్పాను.

"నడుమ అన్ని నెలలు ఆగిపాయె. మళ్ల మొదటికెల్లి పొడుస్తరా?"

"లేదవ్వా. ఆగిన కాడ్నుంచే. మొదటిది పడ్డది పడ్డట్టే ఉంటది."

"అవ్‌నా" అంది ఆశ్చర్యంగా. "కొడుకుని అడగాలె" అని మాత్రం అంది.

ఆ బుధవారం వాళ్లు రాలేదు. మరుసటి బుధవారం కూడా రారేమో అనుకుంటుండగా, ఎండ నడినెత్తికి వచ్చే వేళ ముగ్గురూ వచ్చారు. పాప తండ్రి చంకలో ఉంది. పళ్లు వస్తున్నాయి, చొంగ కారుస్తోంది. ఆరు వారాలప్పటి ఆ తడి చూపే.

తట్టు టీకా కుడి భుజానికి, ఆగిపోయిన టీకాలో రెండోది ఎడమ తొడకు, ఆ రోజుకు వేయాల్సిన మిగతావీ వేశాను. సీసా మీది గుర్తును తండ్రికి చూపించాను. లోపలి చదరం తెల్లగా ఉంటేనే మందు వాడతామని, వేడి తగిలి పాడైతే అది నల్లబడుతుందని. అతను సీసాను వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇప్పుడు ఎంతసేపు కూసోవాలె?" అని అడిగాడు.

"అరగంట."

సెల్‌ఫోనులో టైము చూసుకుని వాకిట్లో చెట్టు నీడకు నడిచాడు. నేను రిజిస్టరు మూసి, వెళ్లి వాళ్ల పక్కన కింద కూర్చున్నాను. ఎండుటాకుల్లో ఏదో పిట్ట గీరుతోంది. దూరంగా తునికాకు కోసేవాళ్ల పిలుపులు, కోయలో, ఒకరి తర్వాత ఒకరు. కోడలు ఒడిలో పాప పాలు తాగుతూ కాలితో నా మోకాలిని తన్నుతోంది. గాలి ఆగిపోయి, నీడ కూడా కదలనట్టు ఉంది. అంత నెమ్మదిగా గడిచిన అరగంటను నేను ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. ఇంకాసేపు ఉంటే బాగుండు అనిపించింది.

"అయిపాయె" అన్నాడతను ఫోను చూసి.

నా నంబరు ఇచ్చాను. సిరప్ ఎంత పోయాలో మూత మీద గీత పెట్టి చూపించాను. సాయంత్రం ఇంట్లో బాబుకు అన్నం తినిపిస్తుంటే ఫోను మోగింది.

"నర్సమ్మా, వచ్చింది జరం." అతని గొంతులో కంగారు లేదు. వస్తానన్న చుట్టం వచ్చాడని చెప్పినట్టు చెప్పాడు. "మందు పోసినం. పాలు తాగుతాంది. గంతే, చెప్దామని చేసిన."

తెల్లవారి వెళ్లి చూశాను. పాప వాకిట్లో పాకుతోంది. నెల తిరిగాక మూడోది కూడా వేయించారు. ఆ తర్వాత తప్పిన తారీఖు లేదు.

కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. నేను గదిలో సూది వేస్తుంటే, బయట ముసలామె కొత్త తల్లులను కూర్చోబెట్టుకుని కోయలో ఏదో చెబుతూ ఉండేది. మధ్యలో చెయ్యి నుదుటికి, తర్వాత తొడకు పోయేది. ఏమంటోందని ఆశా కార్యకర్తను అడిగాను. "మీరు చెప్పేదే మేడం. జరమొస్తది, భయపడకుండ్రి, కాపడం పెట్టకుండ్రి అంటాంది. మీకంటే ముందుగాలనే చెప్తాంది" అని నవ్వింది. ఆమె మాట విన్నాక నా దగ్గరికి వచ్చే తల్లులు, నేను నోరు తెరవకముందే సిరప్ అడిగేవాళ్లు. అయినా నేను మళ్లీ చెబుతాను. చిన్న మాట కూడా వదలను.

ఇప్పుడు ఆ పాపకు ఐదేళ్లు నిండాయి. మా బాబుకూ ఈ ఏడే నిండుతాయి. మొన్న వానలు తగ్గుముఖం పట్టాక ఐదేళ్ల టీకాకు ఆమెను తీసుకొచ్చారు. తానే నడిచి వచ్చి, బల్ల మీద ఎక్కి కూర్చుని, ఎడమ చేతి చొక్కా పైకి మడిచింది. ముసలామె గోడకు ఆనుకుని చూస్తోంది.

"మీ బాబు ఏడ్చిండా?" అని అడిగింది పాప నన్ను.

"వానికి ఇంకా ఏసేది ఉంది. ఏడుస్తడు."

"నేను ఏడ్వ" అంది. సూది పడగానే పెదవి వంకర తిరిగింది, రెండు చుక్కలు రాలాయి. తుడుచుకుని, "ఇంకెన్నున్నయ్?" అంది.

"ఇంక చానా దినాలకు. పదేళ్లప్పుడొకటి. పదహారప్పుడొకటి."

పదేళ్లంటే ఎంతో ఆమెకు అందలేదు. బల్ల దిగి, నా ముందు నిటారుగా నిలబడి, అరచేతిని తన తల మీద జానెడు ఎత్తున పట్టుకుంది.

"అప్పుడు నేను గింత ఉంటనా?"

"ఇంకొంచెం."

చెయ్యి పైకి జరిపింది. వాకిట్లోంచి తడి అడవి గాలి వచ్చి ఆమె జుట్టు కదిలింది. "గింత?"

"ఇంకా పైకి" అన్నాను. ఆమె మునివేళ్ల మీద లేచి, చెయ్యి అందినంత పైకి చాపింది.